గజానికి నాలుగు వేళ్లు

ఆరు కొట్టకముందే వెంకటనర్సమ్మ వసారాలో పీట మీద కూర్చుని జొన్న రొట్టెలు కొడుతోంది. వంటింటి పని మొదలైన ఇరవై రోజుల నుంచీ గ్యాసు పొయ్యి వసారాలో నేల మీదే ఉంది. ఆమెకు అదే హాయిగా ఉంది. గోడకు వీపు ఆనుతుంది. కాళ్లు చాపుకోవచ్చు. పాల ప్యాకెట్ల కోసం పోయేవాళ్లు ఆగి రెండు మాటలు మాట్లాడి పోతారు. కానీ ఈ రోజు లేచినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. రొట్టె అంచు అప్పుడే రెండుసార్లు విరిగింది.

ఈ రోజు కొత్త వంటగట్టు మీది నల్ల గ్రానైట్ బండను కోస్తారు. కోసిన జాగాలో హాబ్ అనే పొయ్యిని దింపుతారు. ఒకసారి దింపాక దాన్ని ఎత్తి నేల మీద పెట్టుకోవడం ఉండదు. ఎవరు వండినా నిలబడే వండాలి. వెంకటనర్సమ్మ పావుగంట మించి నిలబడలేదు. పదమూడో ఏట గుంట మగ్గం మీద కూర్చుంది. కాళ్లు గుంటలోకి దించి యాభై ఏళ్లు తొక్కుడు కర్రలు తొక్కింది. ఇప్పుడు ఆ మోకాళ్లు కూర్చోవడానికి తప్ప మరి దేనికీ పనికి రావు. మగ్గం ఎప్పుడో పోయింది. పొయ్యి దగ్గర కూర్చోవడం కూడా పోతే ఈ ఇంట్లో తను చేసే పని ఏం మిగులుతుంది? ఇరవై రోజులుగా ఆమెను తొలుస్తున్నది అదొక్కటే.

“అమ్మా, టేపు యాడ పెట్టినవ్?” లోపలి నుంచి కొడుకు రాంచందర్ అడిగాడు.

“నేనేమన్న మేస్త్రినారా టేపు దాసుకోనీకి? నిన్న మల్లప్ప జేబుల ఏసుకొని పోయిండు.”

“పని సగం జేసి పోతడు, టేపు మాత్రం మరిసిపోకుండ తీస్కపోతడు.”

“బండ కోసే ఏసోబు దగ్గర టేపుంటది తియ్,” అంటూ కోడలు స్వర్ణలత జడ అల్లుకుంటూ వచ్చింది. “బస్సు టైమైంది.”

“ఉంటది. గోడకెళ్లి ఎంత దూరం వదలాల్నో ఆయనకేం ఎరుక? ఇంటి మనిషి గీసిన గీత ఉంటే ఫికర్ ఉండదు.”

మొగుడూ పెళ్లాలిద్దరూ చౌటుప్పల్ అవతల మందుల కంపెనీలో పని చేస్తారు. అతను బాయిలర్ దగ్గర, ఆమె ప్యాకింగులో. పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సు మూల మీదికి వస్తుంది. రాంచందర్ గడియారం వంక చూశాడు. తర్వాత అటక వంక చూశాడు. చెయ్యి పెట్టి తడిమి, నూనె పట్టి నల్లబడిన ఒక టేకు బద్దను కిందికి లాగాడు.

“నాయిన గజం బద్ద ఉన్నది గదా. ఇంక టేపెందుకు?”

వెంకటనర్సమ్మ చేతిలో పిండి ముద్ద అట్లాగే ఆగిపోయింది.

ఆ బద్ద ఆమె పెనిమిటి మార్కండయ్యది. ఇంచు ఇంచుకు ఇత్తడి మేకు కొట్టి ఉంటుంది. ఆ మేకులు మార్కండయ్య తన చేతులతో కొట్టుకున్నాడు. మగ్గం మీద బిగుతుగా ఉన్న బట్ట, కోసి దించగానే కొంత గుంజుకుపోతుంది. మొదటి ఉతుకులో ఇంకొంత పోతుంది. అందుకని ఆయన గజం అంగడి గజం కంటే నాలుగు వేళ్లు పొడుగు. ఇంచులు కూడా దానికి తగ్గట్టే ఎడం ఎడంగా ఉంటాయి. “సేటు కొలిసినా తక్కువ రావొద్దు, కట్టుకున్నామె ఉతికినా తక్కువ కావొద్దు” అనేవాడు. ఈ సంగతి మగ్గం మీద కూర్చున్న ఆ ఇద్దరికే తెలుసు. రాంచందర్ పదో తరగతి తప్పగానే కంపెనీలో చేరాడు. మగ్గం మీద బెత్తెడు బట్ట నేసి ఎరగడు.

తలుపులోంచి కొడుకు కనిపిస్తున్నాడు. దుకాణంవాళ్ల కొలత కాగితం చూసి, బండ మీద బద్ద పెట్టి మేకులు లెక్కబెడుతున్నాడు. “ఇరవై రెండు... ఇటు పంతొమ్మిది.” సుద్దముక్కతో నాలుగు గీతలు గీశాడు.

చెప్పాలి, అనుకుంది ఆమె. అది అంగడి ఇంచు కాదురా, రంధ్రం పెద్దదైపోతుంది, అని ఒక్క మాట. నోరు కూడా తెరిచింది. అంతలో రాంచందర్ బద్దను ప్రేమగా తుడిచి, “నాయిన పోయి ఆరేండ్లయినా ఆయన వస్తువు పనికొచ్చింది సూడు,” అన్నాడు.

ఆమె పిండి ముద్దను పలక మీద వేసి గట్టిగా చరిచింది. మాట లోపలే ఉండిపోయింది.

స్వర్ణలత చెప్పులు వేసుకుని, ఒక అడుగు వెనక్కి వచ్చి పొయ్యి మీదికి వంగింది. వెలుగుతున్న మంట చూసింది. వెలగని రెండోదాని మర చేత్తో తిప్పి చూసింది. ఆషాఢం నుంచీ ఇదే వరస. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి పొయ్యి మరలు తడిమి చూస్తుంది. సాయంత్రం ఇంటికి వస్తే చెప్పులైనా విడవకుండా ముందు పొయ్యి దగ్గరికే పోతుంది. గ్యాసు ఎక్కువ తగలేస్తున్నానని దీని అనుమానం కాబోలు, అని వెంకటనర్సమ్మ చాలాసార్లు అనుకుంది. అడగలేదు.

“అత్తమ్మా, బండ కోసేటప్పుడు దుమ్ము లేస్తది. మూతికి కొంగు అడ్డం పెట్టుకోండ్రి. కొలత కాగితం క్యాలెండర్ ఎనక పెట్టిన, ఏసోబు అడిగితే ఇయ్యండ్రి. నేను సగం దినం సెలవు పెట్టి రెండింటికి వస్తా.”

“సరే.”

“టిఫిన్ల రొట్టె పెట్టిన్రా?”

“పెట్టిన. విరిగినయి నేను తింట తియ్.”

వాళ్లు పోయాక ఇల్లు నిశ్శబ్దమైంది. వెంకటనర్సమ్మ మెల్లగా లేచి లోపలికి నడిచింది. ఒకప్పుడు ఇది మగ్గం గది. గుంట పూడ్చి తెల్లటి టైల్స్ వేశారు. గోడ పొడుగునా గట్టు కట్టారు. గట్టు కింద అరలకు తలుపులు పెట్టారు కానీ, హాబ్ వచ్చే చోట మాత్రం ఏమీ కట్టకుండా మూడడుగులు ఖాళీగా వదిలారు. డబ్బులు సరిపోక వదిలారో, మల్లప్ప మరిచిపోయాడో. ఆమె దాన్ని పట్టించుకోలేదు. సుద్ద గీతల మీద జాన పెట్టి చూసింది. తన చేతికి తెలుసు. రెండు ఇంచులకు కొంచెం తక్కువ, అంతే తేడా. కానీ హాబ్ నిలవకుండా జారడానికి అది చాలు.

పొయ్యి కొనడానికి పోయిన రోజు గుర్తుకొచ్చింది. పెద్దరోడ్డు మీది దుకాణంలో సునీల్ అనే అతను ఒక్కొక్కటే చూపించాడు. ముందుగా కరెంటు పొయ్యి పెట్టాడు.

“మంటే లేదు. రొట్టె ఎట్ల కాలుతది?” అని అడిగింది తను.

“పెనం ఏడెక్కుతది అవ్వా. గని ఇనుపవే పెట్టాలె, అడుగు సదునుగ ఉండాలె. అల్యూమినియం, రాగి పెడితే ఏడెక్కదు.”

“మా ఇంట్ల ఉన్నయన్ని అవ్వే. కరెంటు పోతే?”

“పోతే వచ్చేదాక ఆగాలె.”

“అయితే మా కడుపులు గూడ ఆగాలె.”

దుకాణంలో అందరూ నవ్వారు. తర్వాత గట్టు మీద పెట్టుకునే అద్దం పొయ్యి చూపించాడు. తీసి కడుక్కోవచ్చు, కావాలంటే కింద పెట్టుకోవచ్చు. వెంకటనర్సమ్మకు ప్రాణం లేచొచ్చింది. కానీ స్వర్ణలత దాన్ని సరిగ్గా చూడనైనా చూడలేదు. బండలో దించే హాబ్‌ల దగ్గరికి పోయింది. ముగ్గురుండే ఇంటికి మూడు పొయ్యిలవి చాలనీ, నాలుగువి కొంటే గిన్నెలు ఒకదానికొకటి తగులుతాయనీ సునీల్ చెబుతున్నాడు. స్వర్ణలత అదీ వినలేదు. చూపించడానికి ఒక దానికి సిలిండర్ తగిలించి ఉంది. దాన్ని ముట్టించడం, ఉఫ్ అని ఊది ఆర్పడం, చెవి దగ్గరగా పెట్టి వినడం, మళ్లీ ముట్టించడం. పదిసార్లు చేసింది. తలుపు దగ్గర కుర్చీలో కూర్చున్న వెంకటనర్సమ్మకు ఒళ్లు మండింది. ఈ ఈడుకు వచ్చి, పొయ్యితో చిన్నపిల్ల లెక్క ఆడుకుంటాందీమె, అనుకుంది. చివరికి, “గిదే గావాలె,” అంది స్వర్ణలత. అత్త వంక ఒక్కసారైనా తిరిగి అడగలేదు.

తొమ్మిది దాటాక ఏసోబు మిషను మోసుకుని వచ్చాడు. సన్నటి మనిషి, కనుబొమల మీద రాతి దుమ్ము ఎప్పుడూ ఉంటుంది. గీతలు చూసి తల పంకించాడు.

“గీత ఎవరు గీసిన్రు పెద్దమ్మా?”

“మా కొడుకే.”

“కొలిసిండా?”

“కొలిసే గీసిండు.”

“దుకాణపోళ్లు ఒక కాగితం ఇస్తరు గదా, కొలత రాసి. అది ఇయ్యి. ఒక్కపారి సూసుకుంట.”

క్యాలెండర్ అతని తల వెనకే గోడకు వేలాడుతోంది. కాగితం అంచు బయటికి కనిపిస్తోంది కూడా.

“నాకు సదువు రాదు బిడ్డా. కాగితాల సంగతి నాకేం ఎరుక?” అంది వెంకటనర్సమ్మ.

మొదటి మాట నిజం. రెండోది అబద్ధమని చెప్పేటప్పుడే ఆమెకు చెంపలు వేడెక్కాయి.

ఏసోబు కొంచెంసేపు తటపటాయించాడు. “రాంచందర్‌కు ఫోన్ జేద్దునా?”

“బాయిలర్ కాడ ఫోన్ ఎత్తడు. గీత ఉన్నది గదా, దాని మీద కొయ్యరాదు? మల్లొచ్చి, నా గీత ఎందుకు జరిపినవంటడు.”

“సరే. ఇల్లుగలోళ్ల గీత, నాదేం పోయింది?”

మిషను మొదలైంది. ఆ రొదకు గోడలు అదిరాయి. వెంకటనర్సమ్మ వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరింది. ఏరినవే మళ్లీ ఏరింది. లేచి గేటు దాకా పోయి వచ్చింది. ఒక పక్క తెగింది, రెండో పక్క తెగింది. ఇప్పుడైనా ఆపొచ్చు, అనుకుంది. మూడో పక్క కూడా తెగింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి దగ్గుతూ కూర్చుంది.

చివరి మూల తెగేటప్పుడు ఏసోబు బండ ముక్క కింద పడకుండా పట్టుకుని, తెచ్చి వసారా గోడకు ఆనించాడు. “పారెయ్యకుండ్రి పెద్దమ్మా. నున్నగున్నది, రొట్టెలు కొట్టుకోనీకి పనికొస్తది.” చాయ్ తాగి, పైసలు సాయంత్రం తీసుకుంటానని చెప్పి పోయాడు.

ఆమె లోపలికి పోయి చూసింది. నల్ల బండ మధ్యన పెద్ద రంధ్రం. దానిలోంచి కింది ఖాళీ జాగా కనిపిస్తోంది. కావాలనుకున్నదే జరిగింది. అయినా అన్నం సగం తిని కంచం జరిపేసింది.

రెండు గంటలకు స్వర్ణలత వచ్చింది. వెనకే సునీల్ డబ్బా పట్టుకుని వచ్చాడు. స్వర్ణలత చెప్పులతోనే పొయ్యి మరలు చూసి, అప్పుడు లోపలికి పోయి కోసిన బండ మీద చెయ్యి ఆడించింది. ఆమె ముఖం ఇంత వెలగడం వెంకటనర్సమ్మ ఈ మధ్య చూడలేదు.

“అత్తమ్మా, రాండ్రి. మీరు సూడాలె.”

సునీల్ హాబ్‌ను రెండు చేతులతో ఎత్తి రంధ్రంలోకి దించాడు. ఒక అంచు ఆనింది. ఇంకో అంచు ఆనలేదు. అటు జరిపితే ఇటు జారింది. హాబ్ అద్దం చప్పున కిందికి ఒరిగితే, అతను మోకాలు అడ్డం పెట్టి పట్టుకున్నాడు.

“అక్కా, రంధ్రం పెద్దగైంది. ఎవరు కోసిన్రు?”

స్వర్ణలత ఏసోబును పిలవడానికి ఫోన్ తీసింది.

ఏసోబు వచ్చేసరికి రాంచందర్ కూడా షిఫ్ట్ దిగి ఇంటికి చేరాడు. సునీల్ టేపు పట్టి చూపించాడు. రంధ్రం ఇరవై మూడు ఇంచుల ముప్పావు ఉంది.

“నేను ఇరవై రెండు గీసిన,” అన్నాడు రాంచందర్. “లెక్కబెట్టి గీసిన. నువ్వు రెండు ఇంచులు ఎక్కువ కోసినవ్.”

“గీత మీదనే కోసిన అన్నా.”

“మరి గీత యాడున్నది?”

“గీత ఉంటదా? నీళ్లు పోసుకుంట కోస్తం. గీత కొట్టుకపోతది.”

“మంచి మాట జెప్పినవ్. మిషన్ జారిందని ఒప్పుకుంటే ఏం పోతది?”

“జారితే అంచు వంకర వస్తది. సూడు, ఎంత సక్కగున్నదో. పదిహేనేండ్లుగా కోస్తున్న, ఒక్క ఇంటికాడ మాట పడలే.”

“ఇప్పుడు పడు,” అంది స్వర్ణలత. “నీకు కూలి లేదు. కొత్త బండ గూడ నువ్వే తెచ్చి పెట్టాలె. కాగితం పెట్టి పోయిన గదా నేను, ఒక్కసారి సూడనీకి ఏమైంది?”

“కాగితం అడిగిన చెల్లె,” ఏసోబు అన్నాడు. వెంకటనర్సమ్మ వైపు చూశాడు.

ఆమె తల దించుకుంది. అటక మీద బద్ద అంచు కనిపిస్తోంది. దాన్ని ఎవరూ తలచుకోవడం లేదు. తలచుకోకపోతే ఈ పూట గడిచిపోతుంది. కొత్త బండ వచ్చేదాకా, ఏమో, అప్పటికి కోడలు విసిగిపోయి ఆ కింద పెట్టుకునే పొయ్యే తెచ్చుకోవచ్చు. ఏసోబు జేబులోంచి చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. “బండ అంటే నా పది రోజుల కూలి అన్నా,” అన్నాడు మెల్లగా. బతిమాలినట్టు లేదు. ఉన్న మాట చెప్పినట్టు ఉంది.

మార్కండయ్య నేసిన చీర ఏ ఒక్కరోజూ తక్కువ వచ్చిందన్న మాట పడలేదు. ఆయన బద్దతో ఒక కూలి మనిషి నోటి దగ్గరి కూడు లాగుతున్నారు.

“రాంచందర్,” అంది వెంకటనర్సమ్మ. “అటక మీది బద్ద తియ్. పక్కన టేపు పెట్టు.”

“ఎందుకు?”

“పెట్టు, చెప్త.”

రాంచందర్ పెట్టాడు. బద్ద మీద ముప్పై ఆరో మేకు దగ్గర టేపు ముప్పై తొమ్మిది చూపిస్తోంది. అతను మళ్లీ చూశాడు. మేకుల మీద వేలు నడిపాడు.

“అది మీ నాయిన గజం. అంగడి గజం కాదు. బట్ట గుంజుకపోతదని నాలుగు వేళ్లు ఎక్కువ పెట్టుకున్నడు. ఆ బద్ద మీద ఇరవై రెండంటే గింతైతది. ఏసోబు తప్పేం లేదు.”

రాంచందర్ ముఖం పాలిపోయింది. “నాకు తెల్వదమ్మా. నాయిన ఎన్నడు జెప్పలే. నీకు గూడ యాదికొచ్చి ఉండదు, పొద్దున పనిల ఉంటివి...”

తప్పించుకోవడానికి కొడుకే దారి ఇస్తున్నాడు. ఔనంటే చాలు.

“యాదికున్నది,” అంది ఆమె. “నువ్వు బద్ద పెట్టినప్పుడే తెల్సు. కాగితం యాడున్నదో గూడ తెల్సు. ఈయన అడిగితే ఎరుక లేదన్న. గీత మీద కొయ్యిమన్నది నేనే.” ఏసోబు వైపు తిరిగింది. “నిన్ను మాట పడేటట్టు జేసిన బిడ్డా. మనసుల పెట్టుకోకు.”

స్వర్ణలత గట్టుకు ఆనుకుని నిలబడింది. “ఎందుకత్తమ్మా?” అంది. కోపం కంటే అలసట ఎక్కువ ఉంది ఆ గొంతులో. “నేనేం జేసిన మీకు?”

“నన్ను పొయ్యి కాడికెళ్లి లేపుతున్నవనుకున్న. నిలబడి వండలేనని నీకు ఎరుకే. ఎరికుండి గీ పొయ్యి తెచ్చినవ్. ఒక్కమాట అడగలే.”

“లేపనీకా?” స్వర్ణలత ఒక్క క్షణం నవ్వినట్టే అనిపించింది. తర్వాత కళ్లనిండా నీళ్లు వచ్చాయి. “ఆషాఢంల ఒకరోజు నేను డ్యూటీకెళ్లి వచ్చి కిటికీలన్ని తెరిసిన, యాదికున్నదా? ఉక్క పోస్తాందని చెప్పిన.”

“యాదికున్నది.”

“ఉక్క లేదు ఏం లేదు. మీరు పొయ్యి పక్కన కూసోని చింతపండు గింజలు తీస్తున్నరు. పప్పు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వస్తనే ఉన్నది. గేటు కాడికే వాసన కొడుతున్నది. మీరు ఏం తెల్వనట్టు కూసున్నరు. ఎవరన్న ఒక్క అగ్గిపుల్ల గీస్తే...” ఆమె ఆగింది. “కరోనా వచ్చిపోయినప్పటి నుంచి మీకు వాసన తెలుస్తలేదని నాకు ఆ దినం సమజైంది.”

రాంచందర్ నోరు తెరిచాడు. “నాకెందుకు చెప్పలే?”

“చెప్తే ఏం జేస్తుంటివి? అమ్మను వంటింట్లకు రానియ్యకని నాకే చెప్తుంటివి. ఆమె పొద్దంత ఏం జేసుకుంట కూసుంటది? అందుకే చెప్పలే. దినం పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి నేనే సూసుకున్న. గీ పొయ్యి మంట ఆరితే దానంతల అదే గ్యాసు బందైతది. దుకాణంల పదిసార్లు ఊది సూసిన. మిగిలినవి చవకగున్నా అది లేదు వాటికి.”

దుకాణంలో కోడలు పొయ్యికి చెవి దగ్గరగా పెట్టి వింటున్న దృశ్యం వెంకటనర్సమ్మ కళ్ల ముందు మెదిలింది.

“మరి నిలబడుడు?” అని అడిగింది చివరికి, దాదాపు వినపడకుండా.

స్వర్ణలత గట్టు కింది ఖాళీ జాగా చూపించింది. “అది ఎందుకు వదిలిచ్చిననుకున్నరు? మోకాళ్లు పోవాల్నని. ఎత్తు కుర్చీ చెయ్యమని వడ్ల పని జేసే బాలకృష్ణకు చెప్పిన. వీపుకు పలక, కాళ్లకు కింద పట్టె. ఎల్లుండి ఇస్తనన్నడు. మగ్గం మీద కూసున్నట్టే కూసోని వండుకుంటరని... మొత్తం అయినంక చూపిద్దామనుకున్న. ముందే చెప్తే, నాకు వాసన తెల్వదని ఎవరు జెప్పిన్రంటరు, రంది పెట్టుకుంటరు.” కొంగుతో ముఖం తుడుచుకుంది. “నేను చెప్పకపోవుడే తప్పయింది.”

ఆమె బయటికి పోయి వసారా మెట్టు మీద కూర్చుంది.

లోపల మగవాళ్లు ముగ్గురూ రంధ్రం చుట్టూ నిలబడి నేల చూపులు చూస్తున్నారు. మొదట కదిలినవాడు ఏసోబు. వసారాలో ఆనించి ఉన్న బండ ముక్కను చూసి వచ్చాడు. “అన్నా, కొత్త బండ అక్కర లేదు. ఆ ముక్కలకెళ్లే నాలుగు పట్టీలు కోస్త. లోపలి అంచుకు మందు పెట్టి అతికిస్త. పొయ్యి దాని మీద కూసుంటది. పైకి ఎత్తు గూడ రాదు, బండతోని సమానంగుంటది.”

“ఆగుతదా?” సునీల్ అడిగాడు.

“నేను నిలబడ్డా ఆగుతది.”

“నీకు కూలి డబుల్ ఇస్త,” అన్నాడు రాంచందర్. “నోరు జారిన ఏసోబు.”

“డబుల్ వద్దన్నా. కోసినదానికి ఇయ్యి, అతికినదానికి ఇయ్యి. ఇంకోపారి మాత్రం కాగితం సూపియ్యి.”

వెంకటనర్సమ్మ గోడ పట్టుకుని వసారాలోకి వచ్చింది. మెట్టు మీద కూర్చోవడం ఆమె మోకాళ్లకు కష్టం. అయినా మెల్లగా దిగి కోడలి పక్కన కూర్చుంది. వీధిలో ఎవరో స్కూటర్ మీద కూరగాయలు అమ్ముతూ పోతున్నాడు.

“వాసన పోయిందని నాకు గూడ తెల్సు,” అంది. “పోపు మాడినా తెలుస్తలే. చప్పుడు విని, రంగు సూసి చేస్తున్న. నేనే దాసిపెట్టిన.”

“ఎందుకు?”

“నువ్వు రాంచందర్‌కు ఎందుకు చెప్పలేదో, అందుకే.”

స్వర్ణలత అత్త వంక చూసింది. “మూడు నెలల సంది, మీరు నోరు తెరిసి చెప్తరేమోనని సూసిన.”

“మూడు నెలల సంది, నీకు నా మీద గ్యాసు అనుమానమనుకున్న. తెల్లారితే మరలు తడుముతున్నవని లోపల తిట్టుకున్న.”

“ఏమని తిట్టుకున్నరు?”

“అది చెప్పేది కాదు తియ్.”

స్వర్ణలతకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. వెంకటనర్సమ్మ ఆమె చేతిని తన ఒడిలోకి తీసుకుంది. ప్యాకింగులో డబ్బాలు మడిచీ మడిచీ వేళ్ల చివర్లు గీసుకుపోయి ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆ వేళ్లను తను సరిగ్గా చూడలేదు. ఆమె కన్నీళ్లు ఆ చేతి మీదే రాలాయి.

“అత్త తప్పు జేసిందని మీ పుట్టింటోళ్లకు చెప్తవా?”

“చెప్త. అందరికి చెప్త. మా అత్తమ్మ బండకు బొక్క పెట్టించిందని.”

మూడో రోజు పొద్దున ఎత్తు కుర్చీ వచ్చింది. రాంచందర్, స్వర్ణలత చెరో పక్క పట్టుకుని ఆమెను ఎక్కించారు. వెంకటనర్సమ్మ కాళ్లు గట్టు కింది ఖాళీలోకి దించింది. పాదాలు తడుముకుని పట్టె మీద ఆనాయి. అలవాటు పడ్డ కాళ్లు, ఒక్క క్షణం తొక్కుడు కర్ర కోసం వెతికాయి. ఏసోబు అతికించిన పట్టీల మీద హాబ్ చీరకు అంచు కుదిరినట్టు బండలో కుదిరింది. పట్టీలు పోగా మిగిలిన ముక్క, అంచులు నున్నగా అరగదీసుకుని, ఆమె కుడిచేతి పక్కన రొట్టెల బండగా కూర్చుంది.

“మర లోపలికి ఒత్తి తిప్పాలె,” అంది స్వర్ణలత. “ముట్టినంక పది లెక్కపెట్టేదాక వదలొద్దు.”

వెంకటనర్సమ్మ ఒత్తి తిప్పింది. నీలం మంట లేచింది. పది దాకా లెక్కపెట్టి వదిలింది.

“ఇప్పుడు సూడండ్రి.” స్వర్ణలత వంగి ఉఫ్ అని ఊదింది. మంట ఆరింది. “ఏం పట్టుకోకుండ్రి. ఇనండ్రి.”

ఇద్దరూ పొయ్యి మీదికి తలలు వంచారు. సన్నగా బుస వినిపిస్తోంది. వెంకటనర్సమ్మకు చేతులు ఊరుకోలేదు. మర కట్టేయాలని వేళ్లు లాగుతున్నాయి. స్వర్ణలత ఆ చేతిని మెత్తగా పట్టుకుంది. పది లెక్కపెట్టారు. ఇరవై. బుస ఇంకా వస్తోంది. ఆ రోజు ఈ చప్పుడు పక్కనే తను ఎంతసేపు కూర్చుందో, ఆమెకు ఇప్పుడు తెలిసొచ్చింది.

టిక్ మంది. బుస ఆగిపోయింది.

“ఇనొచ్చిందా?”

“ఇనొచ్చింది,” అంది వెంకటనర్సమ్మ. కోడలి చెయ్యి వదలకుండా ఇంకాసేపు అట్లాగే కూర్చుంది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, పిండి గిన్నె దగ్గరికి జరుపుకుంది.

“బస్సు టైమైతాంది. పో, జడేసుకో. నేను రొట్టె కొడుత.”

స్వర్ణలత చెప్పులు వేసుకుంది. అలవాటుగా ఒక అడుగు పొయ్యి వైపు వేసింది. సగంలో ఆగింది. అత్త వంక చూసి నవ్వి, అట్లాగే గేటు తీసుకుని వెళ్లిపోయింది.